పెద్దబాపు ఒక్కపొద్దు

నా చిన్నప్పుడు సూరత్ అంటే నాకు ఊరు కాదు, ఒక రేకు డబ్బా. మా నాయనకు అన్న, మా పెద్దబాపు, అక్కడ మరమగ్గాల మీద పనిచేసేవాడు. కరీంనగర్ దగ్గరి మా ఊరికి ఏడాదికో రెండేళ్ళకో వచ్చినప్పుడల్లా ఆయన సంచీ అడుగున ఆ డబ్బా ఉండేది. మూత తీస్తే తెల్లగా గడ్డకట్టిన నెయ్యి, ఆ నెయ్యి తొడుక్కున్న గుండ్రటి మిఠాయిలు. వాటి పేరు ఘారీ. లోపల కోవా, పిస్తా, యాలకుల పొడి కూరి, నేతిలో వేయించి, మళ్ళీ నేతిలోనే ముంచి ఆరబెడతారట. మా అమ్మ వాటిని ముక్కలు చేసి ఇంటిల్లిపాదికీ పంచేది. పెద్దబాపు తన ముక్క కూడా నాకే ఇచ్చి, నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేవాడు.

ఆయన తిండి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. మా నానమ్మ మాటల్లో చెప్పాలంటే, సూరత్‌కు మగ్గం నడపడానికి పోయాడో మెక్కడానికి పోయాడో తెలియని మనిషి. ఆ ఊరి గురించి ఎవరు ఏమడిగినా జవాబు ఏదో ఒక బండి దగ్గరికే చేరేది. స్టేషన్ ఇంటికి ఎంత దూరమని అడిగితే, ఆలూపూరీ బండి దాటగానే అనేవాడు. వానలు ఎట్లా ఉన్నాయంటే, భజియాలు బాగా అమ్ముడుపోతున్నాయి అనేవాడు. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. ఇంట్లో ఆయనకు తగ్గ తిండిపోతును నేనొక్కదాన్నే కాబట్టి, ఆస్తి లేకపోయినా వారసత్వం దొరికిందని అందరూ నవ్వేవాళ్ళు. ఒకసారి సూరత్ వస్తే ఊరంతా తినిపిస్తానని ఆయన నాకు మాటిచ్చాడు.

నేను ఆరో తరగతిలో ఉండగా, దసరా సెలవులకు నన్ను పంపించమని కబురొచ్చింది. నేను ఎగిరి గంతేశాను. పెద్దవాళ్ళెవరిలోనూ ఆ ఉత్సాహం లేదు. అమ్మ నా తలకు నూనె రాసి గట్టిగా జడ వేస్తూ, పెద్దబాపును సతాయించవద్దని చెప్పి, అంతలోనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నన్ను విడిచి ఉండలేక ఏడుస్తోందనుకుని కొంచెం గర్వపడ్డాను కూడా. రైల్లో దారి పొడుగునా నాయన కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు. బడి తెరిచినా ఫరవాలేదు, చందీ పడ్వో అనే పండగ అయ్యాక వచ్చి తీసుకుపోతానన్నాడు. బడి ఎగ్గొట్టమని మా నాయన చెప్పడం అదే మొదటిసారి. దానికైనా నాకు అనుమానం రావలసింది, రాలేదు. ఆలూపూరీ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

సూరత్‌లోని లింబాయత్‌లో ఒక ఇరుకు సందులో వాళ్ళది ఒకటే గది. ఆ సందులో సగం మంది మన తెలుగు నేతపని వాళ్ళే. పక్క షెడ్డులోని మగ్గాల చప్పుడు గోడలోంచి వస్తూనే ఉండేది, నేల మీద పెట్టిన చెంబులో నీళ్ళు సన్నగా వణుకుతూ ఉండేవి. గడపలో నిలబడ్డ పెద్దబాపును నేను వెంటనే గుర్తుపట్టలేదు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు భుజాల నుంచి వేలాడుతోంది. గొంతు పోయింది, మాటకు బదులు గాలి వస్తోంది. నా ముఖం చూసి ఆయనే నవ్వాడు. దగ్గరికి తీసుకుని చెవిలో చెప్పాడు.

"ఒక్కపొద్దున్న బిడ్డా. చందీ పడ్వో దాక ఏం ముట్టను. నువ్వొచ్చినవు గద, ఇగ మనకు తిరుగుడే పని."

ఒక్కపొద్దు అంటే మా వైపు ఉపవాసం. మా నానమ్మ శనివారాలు ఉండేది, కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు. చందీ పడ్వో అంటే ఏమిటో కూడా ఆయన చెప్పాడు. దసరా తర్వాత వచ్చే పున్నమికి మరునాడు సూరత్‌లో బీదా గొప్పా లేకుండా అందరూ ఘారీ తింటారు. ఇళ్ళల్లో కాదు, రోడ్ల పక్కన చాపలు పరుచుకుని తింటారు. ఆ రోజు ఘారీతోనే తన ఒక్కపొద్దు విడుస్తానన్నాడు. పెద్దమ్మ అప్పటిదాకా మా వైపే చూస్తున్నదల్లా ఆ మాటకు పొయ్యి వైపు తిరిగి, మండుతున్న పొయ్యినే మళ్ళీ ఊదడం మొదలుపెట్టింది.

మాట రాకపోవడం ఆ సందులో పెద్ద లోటు కాదని నాకు తొందరలోనే అర్థమైంది. మగ్గాల షెడ్డులో పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని అక్కడి వాళ్ళంతా చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే దారం తెగింది. అరచేయి చాపి కిందికి దించితే మగ్గం ఆపు. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. పెద్దబాపు దోస్తులు సాయంత్రం వచ్చి మంచం చుట్టూ కూర్చుని, ఒక్క శబ్దం లేకుండా గంటసేపు ముచ్చట పెట్టి, నవ్వుకుని వెళ్ళేవాళ్ళు. నాకది భలే వేడుకగా ఉండేది. ఆ సైగలకు పెద్దబాపు నాకోసం ఇంకో మూడు కలిపాడు. చెవి పట్టుకుంటే కారం. బుగ్గ మీద వేలు పెడితే తీపి. గుండె మీద అరచేయి పెడితే, చెప్పడానికి మాటలు లేనంత బాగుందని.

మరునాటి నుంచి మా తిరుగుడు మొదలైంది. పొద్దున్నే లోచో బండి దగ్గరికి. ఉడికిన శనగపిండి, ఇడ్లీ కాదు, ఉప్మా కాదు, రెంటికీ మధ్య మెత్తటి ముద్ద. మీద నూనె, మన కారప్పూస లాంటి సన్నటి సేవ్, ఉల్లిపాయ ముక్కలు, ఆకుపచ్చ చట్నీ. నేను గబగబా మింగబోతే ఆయన నా చేయి పట్టుకున్నాడు. మొదటి ముద్ద నమలకుండా కాసేపు నాలుక మీదనే ఉంచుకోవాలి. ఏది ముందు తెలిసింది, ఏది వెనక వచ్చింది చూసుకోవాలి. అప్పుడే ఆయనకు చెప్పాలి. నేను చెవి పట్టుకున్నాను. ఆయన కనుబొమలు ఎగరేసి, అంతేనా అన్నట్టు చూశాడు. ఇంకో ముద్ద పెట్టుకుని ఆలోచించాను. వెనకాల కొంచెం పులుపుంది, చివరికి అల్లం ఉంది అని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని తలాడించాడు. ఆ తలాడింపు చూడాలని ఆ తర్వాత ప్రతి ముద్దనూ పరీక్ష రాసినంత శ్రద్ధగా తిన్నాను.

ఆలూపూరీ తిన్నాం. తిన్నాం అంటున్నాను గానీ తిన్నది నేనే. అరచేతిలో సగం కూడా లేని పూరీలు, వాటి మీద బంగాళదుంప కూర, ఎర్రటి పుల్లటి కోకం చట్నీ. పాత ఊళ్ళో ఒక బేకరీ ముందు నిలబడి వేడి వేడి నాన్‌ఖటాయీలు తిన్నాను. అవి పళ్ళు తగలకముందే నోట్లో రాలిపోయేవి. ఎక్కడికి వెళ్ళినా ఒక్క ప్లేటే. బండివాళ్ళంతా ఆయనకు తెలిసినవాళ్ళు, ఏమైపోయావు భాయ్ అని గుజరాతీలో అడిగేవాళ్ళు. ఆయన నన్ను చూపించి, మా అమ్మాయి వచ్చిందన్నట్టు చేయి ఊపేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నడక రోజురోజుకూ నెమ్మదించింది. దుకాణాల అరుగులు పట్టుకుంటూ, మధ్యలో కూర్చుంటూ వచ్చేవాడు. నేను పక్కన నిలబడి, ఏం చేయాలో తెలియక ఆయన చొక్కా అంచు పట్టుకునేదాన్ని.

ఒకరోజు కోకో తాగడానికి తీసుకుపోయాడు. చిక్కటి పాలలో కోకో కలిపి చల్లబరిచిన పానీయం, ఎండలో తిరిగి వచ్చినవాడికి ప్రాణం లేచొస్తుంది. తాగితే ఒక్కపొద్దు చెడదు, మా నానమ్మ శనివారం కూడా చాయ్ తాగుతుందని నేను పట్టుబట్టాను. నన్ను కాదనలేక ఒక చెంచా నోట్లో పోసుకున్నాడు. వెంటనే గోడ వైపు తిరిగాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు, మెడ నరాలు మాత్రం పైకీ కిందికీ కదిలాయి. ఇటు తిరిగేసరికి కళ్ళనిండా నీళ్ళు. చల్లదనానికి పళ్ళు జివ్వుమన్నాయని చెప్పి నవ్వాడు. నేను నమ్మాను. నమ్మడం తప్ప ఆ వయసులో నా చేతిలో ఇంకేముంది.

ఇంట్లో పెద్దమ్మ ఆయనకు గంజి కాచి, దాన్ని మెత్తటి గుడ్డలో రెండుసార్లు వడపోసి, చెంచాతో పట్టేది. గ్లాసెడు గంజికి పూటంతా పట్టేది. సగం పక్కన పెట్టిన గిన్నెలోకే వచ్చేది. ఇంత కష్టమైన ఒక్కపొద్దు ఎందుకు, విడిచిపెట్టమని చెప్పు అని ఒకరోజు పెద్దమ్మను అడిగాను. ఆమె గుడ్డ పిండుతూ, "నా చేతుల లేదు బిడ్డా" అంది. ఇంటి ముందు మన ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతుంటే ఆమె గడప దాటలేదు. నేను ఒక్కదాన్నే ఆ చుట్టులో తిరుగుతూ, ఆయన మొక్కేదో తీరిపోయిందనుకొమ్మని దేవుణ్ణి బతిమాలాను. నా వంతు ఘారీ అంతా నీకే అని ఆశ కూడా పెట్టాను. అంతకంటే పెద్ద లంచం నా దగ్గర లేదు.

దేవుడు కదలకపోయేసరికి నాకు ఇంకో ఆలోచన వచ్చింది. నేను కూడా ఒక్కపొద్దు ఉంటే ఆయనకు తోడుంటుంది కదా అనుకున్నాను. మరునాడు ఖమణ్, అంటే ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ముక్కలు, అమ్మే బండి దగ్గర ప్లేటు చేతికిస్తే వద్దన్నాను. ఆకలి లేదన్నాను. ఆయన నా ముఖం చూసి కనిపెట్టేశాడు. పక్కనున్న రాతి మెట్టు మీద కూలబడ్డాడు. అంతకుముందు నేనెప్పుడూ ఆయన ముఖంలో చూడని దిగులు కనిపించింది. నేను వంగి నోటి దగ్గర చెవి పెడితే తప్ప వినపడని గొంతుతో అన్నాడు.

"గిట్ల చేస్తె ఎట్ల బిడ్డా? నువ్వు తినకుంటె నేనేం తినాలె? నువ్వు తిని చెప్తెనే గద నా కడుపు నిండేది."

నాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఆ ప్లేటు తీసుకుని తిన్నాను. తీపి, వెనకాల ఆవాలు, కరివేపాకు వేగిన వాసన అని చెప్పాను. ఆయన ముఖం నెమ్మదిగా తేరుకుంది. తిరిగి వస్తూ దారిలో పోంక్ గురించి చెప్పాడు. చలికాలంలో తాపీ నది ఒడ్డున పచ్చజొన్న కంకులు నిప్పుల్లో కాల్చి, నలిచి, ఆ గింజలు నిమ్మకాయ సేవ్‌తో కలిపి అమ్ముతారట. మన ఊస బియ్యమే, కానీ ఇక్కడివాళ్ళ చేయి వేరు అన్నాడు. ఇప్పుడు దొరకదు, చలికాలంలో మళ్ళీ రావాలి అన్నాడు. వస్తానన్నాను. ఏం చెప్తవో అప్పుడు విందాం అన్నాడు.

చందీ పడ్వో రానే వచ్చింది. సాయంత్రానికి రోడ్ల పక్కన, వంతెన దగ్గర, ఎక్కడ జాగా దొరికితే అక్కడ కుటుంబాలు చాపలు పరుచుకుని కూర్చున్నాయి. అంతమంది ఒకేసారి నేల మీద కూర్చుని తినడం మా ఊరి పెళ్ళిళ్ళలో తప్ప నేను చూడలేదు. ప్రతి చాప మీదా ఘారీ, పక్కన భూసు అనే కారపు మిక్స్చర్. పెద్దబాపు ఆటోలో వచ్చాడు, పెద్దమ్మ ఆయన వెనక తలగడ పెట్టి కూర్చోబెట్టింది. ఆమె వద్దంటున్నా వినకుండా ఆయనే డబ్బా తెరిచాడు. అదే తెల్లటి నెయ్యి, అదే వాసన. పక్క చాప మీది గుజరాతీ పెద్దావిడ తమ భూసులోంచి మాకు ఒక దోసెడు పెట్టి, మీ పిల్లతో మొదలుపెట్టించండి అని సైగ చేసింది.

నేను ఆ నిమిషం కోసమే ఎదురుచూస్తున్నాను. మా ఇంట్లో నానమ్మ ఒక్కపొద్దు విడిచేటప్పుడు మొదటి ముద్ద ఇంట్లో చిన్నపిల్లలే నోట్లో పెట్టాలి. అది మా ఆనవాయితీ, ఆ పని ఎప్పుడూ నాదే. ఘారీ తుంచాను. పెద్దమ్మ చేయి లేచేలోపల ఆ ముక్క పెద్దబాపు నోట్లో పెట్టేశాను.

ఆయన నన్నే చూస్తూ నోరు మూసుకున్నాడు. ముందు ముఖం వెలిగింది, అది నాకు బాగా జ్ఞాపకం. ఆ తర్వాత మెడ నరాలు కదిలాయి, కోకో తాగిననాటి కంటే ఎక్కువగా. లోపలికి పోలేదు. దగ్గు వచ్చింది, ఆగలేదు. ఒళ్ళంతా వంగిపోయింది. పక్క చాప పెద్దావిడ నీళ్ళ గ్లాసు అందించబోతే, పెద్దమ్మ ఆమె చేయి పట్టుకుని ఆపి, నీళ్ళు కూడా పోవు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ పెద్దావిడ గ్లాసు కింద పెట్టేసింది. పెద్దమ్మ ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది. చుట్టూ అంత తిండి, అంతమంది మనుషులు, ఒక్క ముద్ద ఒక్క గొంతు దాటించగలిగినవాళ్ళు ఎవరూ లేరు. అది ఒక్కపొద్దు కాదని నాకు అప్పుడు తెలిసింది. ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

దగ్గు మధ్యలోనే ఆయన అరచేయి చాపి కిందికి దించాడు. మగ్గం ఆపు అనే సైగ. ఏడవడం ఆపమని నాకు చెబుతున్నాడు. ఏడుస్తున్నానని నాకే తెలియదు. నోట్లోని ముక్కను తువ్వాలలోకి తీసేసి, మూతి తుడుచుకుని, తలగడకు ఒరిగాడు. ఊపిరి కుదుటపడ్డాక బుగ్గ మీద వేలు పెట్టుకున్నాడు. తీపి. కాసేపాగి ఆ చేయే గుండె మీదకు దించాడు. నేను ఆయన పెదవుల దగ్గర చెవి పెట్టాను.

"మింగుడే లేదు బిడ్డా, రుచి ఉన్నది. నాలుకకు తెలిసింది. జర మిగిలింది నువ్వు తిని చెప్పు."

అంత తియ్యటి వస్తువు మింగడం అంత కష్టమని నాకు తెలియదు. నా గొంతుకు ఏ జబ్బూ లేదు, అయినా దిగలేదు. ఆయన చూస్తున్నాడు కాబట్టి దింపాను. మొదటి ముద్ద నాలుక మీద ఉంచుకుని, ముందు నెయ్యి, వెనక యాలకులు, చివరికి పిస్తా అని వేళ్ళతో చూపించాను. ఆ పూట మా ఇద్దరికీ గొంతు లేదు. ఆయన కళ్ళు మూసుకుని, ప్రతిదానికీ తలాడిస్తూ విన్నాడు.

రెండు రోజులకు నాయన వచ్చి నన్ను తీసుకుపోయాడు. సందు మొగదాకా రాలేక పెద్దబాపు గడపలోనే కూర్చుని చేయి ఊపాడు. చలికాలం ఆయన చూడలేదు. కబురు తెచ్చిన మనిషికి మా అమ్మ అన్నం పెడుతుంటే, అతను ఆవురావురుమని తినడం చూసి నాకు ఒళ్ళుమండింది. ఏం కూరో, ఎట్లా ఉందో ఒక్క మాట చెప్పకుండా తిన్నాడు.

ఎవరైనా తినలేని స్థితిలో ఉంటే మనవాళ్ళు వాళ్ళ కంటపడకుండా వంటింట్లో తింటారు. అది మర్యాద అంటారు. నాకు ఆ మర్యాద అంటే చిరాకు. మా ఆయన చివరి నెలల్లో ముక్కులోంచి వేసిన గొట్టంతోనే బతికాడు. పిల్లలు నన్ను లోపలికి వచ్చి తినమని పిలిస్తే, నేను పళ్ళెం పట్టుకుని ఆయన మంచం పక్కనే స్టూలు వేసుకున్నాను. ఇవాళ దోసకాయ పప్పు, ఉప్పు కొంచెం తగ్గింది, పోపులో ఎల్లిపాయ బాగా వేగింది అని చెబుతూ తిన్నాను. అమ్మకు మతి పోయిందని పిల్లలు గుసగుసలాడుకున్నారు. వైద్యం నా వల్ల కాదు, నొప్పి తీయడం నా వల్ల కాదు, పోతున్న ఆయన్ను ఆపడం అసలే కాదు. ఒకరోజు కొత్త ఆవకాయ కలుపుకుంటుంటే ఆయన చేయి దుప్పట్లోంచి మెల్లగా లేచింది. వెళ్ళి తన చెవి పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో నేను చెప్పిన పెద్దబాపు సైగ, కారమా అని అడుగుతున్నాడు. చాలా అన్నాను.

మా చిన్నకూతురు ఇప్పుడు ఉద్యోగరీత్యా సూరత్‌లోనే ఉంటోంది. మొన్న చలికాలం సెలవుల్లో మనవరాలు నన్ను ఊరంతా తిప్పింది. ప్లేటు రాగానే ముందు ఫోనుతో పటం తీస్తుంది, తినడం ఆ తర్వాత. నది ఒడ్డున పోంక్ అమ్మే చోటికి తీసుకుపోయింది. పచ్చటి గింజలు, ఇంకా వేడిగా ఉన్నాయి, మీద నిమ్మకాయ సేవ్. పిడికెడు నోట్లో పోసుకుని, నమలకుండా నాలుక మీదనే ఉంచుకున్నాను. ముందు పొగ వాసన తెలిసింది. వెనకాల పాలు. చివరికి మన ఊస బియ్యమే. నా చేయి దానంతటదే లేచి గుండె మీద పడింది. పిల్ల ఫోను పక్కన పడేసి, నొప్పి వస్తోందా అమ్మమ్మా, డాక్టర్ దగ్గరికి పోదామా అని నా భుజం పట్టుకుంది.

"నొప్పి కాదు బిడ్డా, చెప్తున్న" అన్నాను.